డంబెల్స్ బరువుల పద్దు: తూకం దగ్గర్నుంచి పేజీ దాకా

"ఆర్నెల్లుగా నోట్‌బుక్‌లో రాస్తున్నానండీ, వెనక్కి తిప్పి చూస్తే ఏమీ అర్థం కావట్లేదు." ఈ మాట ఈమధ్య చాలామంది నోట విన్నాను. రాయడం మొదలుపెట్టనివాళ్ళ కంటే, రాస్తూ రాస్తూ విసిగిపోయినవాళ్ళే ఎక్కువ అడుగుతున్నారు.

ఒకాయన తన పేజీ ఫొటో తీసి పంపారు. అందులో ఒక లైను: "షోల్డర్ ప్రెస్ – 10 కిలోలు – 3 సెట్లు." (షోల్డర్ ప్రెస్ అంటే డంబెల్స్‌ని భుజాల దగ్గర్నుంచి తలపైకి ఎత్తడం, సెట్ అంటే ఆపకుండా చేసే ఒక విడత.) ఆ పది కిలోలు ఒక్కో చేతిలోవా, రెండు చేతులవీ కలిపా? రాడ్ బరువు అందులో ఉందా? కూర్చుని చేశారా, నిలబడి చేశారా? ఒక్కో సెట్‌లో ఎన్ని కొట్టారు, అంటే ఎన్నిసార్లు ఎత్తారు? రాసిన రోజు ఇవన్నీ ఆయనకి తెలుసు. మూడు వారాలు గడిచాక ఆయనకే గుర్తులేదు.

ఈ పద్దు చేయాల్సిన పని ఒక్కటే. ఇవాళ ఎంత బరువు తీసుకోవాలి, ఎన్ని కొట్టడానికి చూడాలి అన్నది డంబెల్ ముట్టుకోకముందే చెప్పాలి. అలా చెప్పాలంటే పుస్తకంలో ఉన్న 10 అనే అంకెకి జనవరిలోనూ జూన్‌లోనూ ఒకే అర్థం ఉండాలి.

1. ముందు అన్నిటినీ తూకం వేయండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. దాటేయకండి, తర్వాత రాసే ప్రతి అంకే దీని మీదే నిలబడుతుంది.

ఇంట్లో ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ ఉన్నవాళ్ళు సాధారణంగా ప్లేట్లనే లెక్కేస్తారు. నాలుగు 1 కిలో ప్లేట్లు ఎక్కిస్తే "4 కిలోలు" అని రాస్తారు. రాడ్, రెండు నట్లూ కలిపి 1.9 కిలోలు ఉంటే చేతిలో ఉన్నది 5.9. పెద్ద బరువుల దగ్గర ఈ తేడా పెద్దగా తెలియదు. చిన్న బరువుల దగ్గర లెక్కంతా తారుమారవుతుంది. కాగితం మీద 4 నుంచి 6కి వెళ్ళడం అంటే 50 శాతం పెంచినట్టు కనిపించి భయమేస్తుంది. నిజానికి మీరు వెళ్తున్నది 5.9 నుంచి 7.9కి, అంటే 34 శాతం.

నా దగ్గర రెండు రాడ్లు ఉండేవి, వేర్వేరు సమయాల్లో కొన్నవి. గుర్తు కోసం ఒకదాని నట్టుకి ఎర్ర టేపు చుట్టి, ఎప్పుడూ దాన్నే ఎడమ చేత్తో పట్టుకునేవాణ్ని. లాటరల్ రైజ్‌లో (చేతులు పక్కలకి చాచి భుజాల ఎత్తుకి లేపడం) కుడి చెయ్యి 14 కొడితే ఎడమ చెయ్యి 12 దగ్గర ఆగిపోయేది. ఎడమ భుజం బలహీనంగా ఉందనుకుని మూడు నెలలు దానికి విడిగా ఇంకో సెట్ చేశాను. ఒకరోజు రెండు రాడ్లూ పట్టుకెళ్ళి వీధి చివర కిరాణా కొట్టులో "అన్నా, ఇవొకసారి కాటా మీద పెడతారా" అని అడిగాను. ఒకటి 1.9 కిలోలు, ఎర్ర టేపుది 2.3. నా భుజంలో ఏ లోపమూ లేదు. మూడు నెలలు తప్పు లెక్క మీద కష్టపడ్డాను.

ఎక్కడ తూయాలి:

- కిరాణా కొట్టు, కూరగాయల కొట్టు ఎలక్ట్రానిక్ కాటా అన్నిటికంటే మేలు. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.
- వంటింటి చిన్న కాటా 5 లేదా 10 కిలోల వరకే తూస్తుంది. ప్లేట్లు, రాడ్ విడివిడిగా తూసి కూడండి.
- విమాన ప్రయాణానికి సూట్‌కేసు తూసే కొక్కెం కాటా ఉంటే, డంబెల్‌ని గుడ్డసంచిలో వేసి తగిలించండి. సంచి బరువు తీసేయండి.
- బాత్రూం కాటా ఆఖరి మార్గం. డంబెల్ పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీయండి. మూడుసార్లు చూసి మధ్య అంకె తీసుకోండి.

తూసిన అసలు బరువుని పెయింట్ మార్కర్‌తో ప్లేటు మీదే రాసేయండి. సిమెంటు నింపిన పీవీసీ ప్లేట్ల మీద అచ్చేసిన అంకెకీ అసలు బరువుకీ తేడా ఉండొచ్చు. "2.5" అని ఉన్న ప్లేటు 2.4 తూగితే 2.4 అనే రాయండి. బరువుల్లో తేడా ఉన్న ప్లేట్లని జతలు కలిపి, రెండు డంబెల్స్ మొత్తం బరువూ దాదాపు సమానం అయ్యేలా పంచండి.

జిమ్‌లో చేసేవాళ్ళకి ఇంత పని లేదు. డంబెల్ మీద ఉన్న అంకె రాయండి, కానీ అది కిలోలా పౌండ్లా అన్నది చూసి రాయండి. ఒకే ర్యాక్‌లో రెండు రకాలూ కలిసి ఉన్న జిమ్‌లు చాలానే ఉన్నాయి.

2. ఒక్కో చేతి బరువే రాయండి

నియమం: రాసేది ఎప్పుడూ ఒక డంబెల్ బరువే. రెండు చేతులతో రెండు పట్టుకున్నా సరే, ఒకదాని బరువే.

కూడి రాస్తే ఏమవుతుందో చూడండి. ఈ వారం రెండు చేతులతో రో (ముందుకి వంగి డంబెల్‌ని నడుము వైపుకి లాగడం) చేసి "20" రాశారు. వచ్చే వారం ఒక చేత్తో 12.5 ఎత్తి "12.5" రాశారు. పేజీ చూస్తే బలం తగ్గినట్టుంది, అసలైతే పెరిగింది.

ఒకే డంబెల్‌ని రెండు చేతులతో పట్టుకునే గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ని ఛాతీ దగ్గర పట్టుకుని గుంజీ తీయడం), పుల్ ఓవర్ (పడుకుని డంబెల్‌ని తల వెనక నుంచి ఛాతీ మీదికి తేవడం) లాంటి వాటికీ ఇదే నియమం. డంబెల్ 15 అయితే 15 అనే రాయండి. ఈ వాక్యాన్ని పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో పెట్టండి: "రాసింది ఒక డంబెల్ బరువు, రాడ్, నట్లతో కలిపి, కిలోల్లో."

ఫోన్ యాప్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. యాప్ వేసే మొత్తం బరువు లెక్క (బరువుని ఎన్నిసార్లు ఎత్తారో దాంతో హెచ్చవేసింది) ఒక డంబెల్‌ది కావొచ్చు, రెండిటిదీ కావొచ్చు. మీరు ఒకే పద్ధతిలో ఎక్కించినంతకాలం మీ ఎదుగుదల చూసుకోవడానికి ఇబ్బంది లేదు. ఆ మొత్తాన్ని పక్కవాళ్ళ మొత్తంతో మాత్రం పోల్చకండి.

3. పుస్తకమా, ఫోనా?

నా ఓటు పుస్తకానికే. ఫోన్ తీస్తే సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాల రెస్ట్ వాట్సాప్‌లో ఆరు నిమిషాలవుతుంది. మీకు ఆ ఇబ్బంది లేకపోతే ఫోన్ బాగానే పనిచేస్తుంది.

పుస్తకం అయితే: రూళ్ళున్న లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి, చిన్న పాకెట్ పుస్తకం వద్దు. జెల్ పెన్ను అసలు వద్దు, చెమట చెయ్యి తగలగానే అంకెలు అలుక్కుపోతాయి. బాల్ పెన్నో పెన్సిలో చాలు, దాన్ని దారంతో పుస్తకానికి కట్టేయండి. నెలాఖరున పేజీలు ఫొటో తీసి పెట్టుకుంటే పుస్తకం పోయినా లెక్క పోదు.

యాప్ అయితే: హెవీ, స్ట్రాంగ్, ఫిట్‌నోట్స్ లాంటివి ఉన్నాయి. ఏదైనా పరవాలేదు గానీ మొదటిరోజే సెట్టింగ్స్‌లో కిలోలు పెట్టుకోండి. మీ లెక్కల్ని ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో కూడా చూడండి.

గూగుల్ షీట్స్ లేదా ఎక్సెల్ అయితే: ఇక్కడ ఒక చిక్కుంది. గడిలో 10-12 అని కొడితే అది దాన్ని తారీఖు అనుకుని మార్చేస్తుంది. 12/11/10 అని కొట్టినా అంతే. ఒక్కో సెట్‌కి ఒక్కో గడి కేటాయించండి, ఈ బాధే ఉండదు.

4. పేజీ ఎలా గీయాలి

ఒక్కో ఎక్సర్‌సైజుకి ఒక్కో పేజీ ఇవ్వండి. తారీఖు ప్రకారం వరసగా రాసుకుంటూ పోతే, పోయినసారి రో ఎంత కొట్టారో చూడటానికి నాలుగు పేజీలు వెనక్కి తిప్పాలి. వెతకాల్సి వస్తే చూడటం మానేస్తారు. రోకి విడిగా పేజీ ఉంటే పోయినసారి లెక్క నేరుగా పై వరసలోనే కనిపిస్తుంది.

పేజీ నెత్తిన ఒక్కసారి రాసేవి:

- ఎక్సర్‌సైజు పూర్తి పేరు. "ప్రెస్" అని వదిలేయకండి. "షోల్డర్ ప్రెస్, కూర్చుని, వీపు ఆనించి" అని రాయండి.
- బెంచ్ వాడితే దాని వాలు, ఎన్నో గాడిలో పెట్టారు.
- రెప్ (ఒకసారి ఎత్తి దించడం) ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తవుతుంది. (6వ మెట్టులో చెప్తాను.)
- రెస్ట్ ఎంత: 90 సెకన్లా, 2 నిమిషాలా.
- ఎన్ని రెప్స్ మధ్య చేస్తారు: 8 నుంచి 12 అనుకుందాం.

కింద గడులు ఐదు చాలు: తారీఖు, బరువు, సెట్ల వారీగా రెప్స్, మిగిలినవి, మాట.

నిండిన వరస ఇలా ఉంటుంది:

13 జూన్ | 12.5 | 12, 11, 10 | మి1 | నిద్ర 5 గంటలే

"మి1" అంటే ఆఖరి సెట్ ఆపేసే సమయానికి, ఫారం (చేసే తీరు) చెడకుండా ఇంకొక్కటి కొట్టగలిగేవాణ్ని అని. ఈ చిన్న అంకెని వదలకండి. 12.5తో పది కొట్టి, ఇంకా నాలుగు కొట్టే ఓపిక ఉండగా ఆపడం వేరు, పదోది వణుకుతూ పూర్తిచేయడం వేరు. రెప్స్ గడిలో మాత్రం రెండూ 10 గానే కనిపిస్తాయి.

మొదట్లో ఈ అంచనా తప్పుతుంది, మూడు నాలుగు వారాల్లో కుదురుకుంటుంది. అప్పటిదాకా "తేలిక, సరిగ్గా, కష్టం" అని రాసినా చాలు.

ఇంకొన్ని పొట్టి గుర్తులు: వా అంటే వార్మప్ సెట్, ఒళ్ళు వేడెక్కడానికి ముందు తక్కువ బరువుతో చేసేది. ఎ, కు అంటే ఎడమ, కుడి. నొ అంటే నొప్పి.

5. వ్యాయామం రోజు వరస

మొదలుపెట్టే ముందు:

1. ఇవాళ చేయబోయే ఎక్సర్‌సైజుల పేజీలు తెరిచి చూడండి.
2. ప్రతి పేజీలో ఇవాళ్టి తారీఖు, ఎత్తబోయే బరువు ముందే పెన్సిల్‌తో వేసేయండి. రెప్స్ గడి ఖాళీగా ఉంచండి.
3. ప్లేట్లు మార్చుకునే డంబెల్ అయితే నట్లు బిగించి ఒకసారి ఊపి చూడండి. తలపైకి ఎత్తాక వదులైతే ప్లేటు మొహం మీదికి జారుతుంది.

చేస్తున్నప్పుడు:

1. వార్మప్ సెట్‌ని "వా 5×12" (5 కిలోలతో 12) అని మాట గడిలో పడేయండి. అసలు సెట్లతో కలపొద్దు.
2. డంబెల్ కింద పెట్టగానే రెప్స్ రాయండి. ఊపిరి సర్దుకోకముందే రాయండి. మూడు సెట్లూ అయ్యాక రాద్దామనుకుంటే రెండో సెట్ 10ఓ 11ఓ మర్చిపోతారు, మర్చిపోయినప్పుడు మనసు ఎప్పుడూ పెద్ద అంకెనే చెప్తుంది.
3. ఒక చేత్తో చేసేవాటిలో బలం తక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టండి. అది ఎన్ని కొడితే రెండోదీ అన్నే కొట్టాలి. "ఎ10 కు10" అని రాయండి.
4. రెస్ట్ గడియారం చూసి తీసుకోండి. 45 సెకన్ల రెస్ట్‌తో కొట్టిన 9కీ, 3 నిమిషాల రెస్ట్‌తో కొట్టిన 9కీ పోలికే లేదు.

అయ్యాక:

1. "మి" అంకె వేయండి.
2. ఏదైనా మామూలుగా లేకపోతే మాట గడిలో రెండు మూడు మాటలు రాయండి: "ఉపవాసం", "బెంచ్ ఖాళీ లేదు, వరస మారింది", "కుడి మోచేయి నొ". అన్నీ మామూలుగా ఉంటే ఏమీ రాయక్కర్లేదు.

వరస మారింది అన్న మాట ముఖ్యం. రోజూ మొదట చేసే ఫ్లోర్ ప్రెస్‌ని (నేల మీద వెల్లకిలా పడుకుని డంబెల్స్‌ని పైకి నెట్టడం) ఒకరోజు ఆఖర్న చేస్తే రెండు మూడు రెప్స్ తగ్గుతాయి. కారణం రాయకపోతే నెల తర్వాత ఆ వరస చూసి బలం తగ్గిందని కంగారుపడతారు.

6. ఏది రెప్, ఏది కాదు

బరువు పెరిగేకొద్దీ రెప్ పొట్టిదైపోతుంది. మనకి తెలియకుండానే జరుగుతుంది. 10 కిలోలతో మోచేయి పూర్తిగా చాచి చేసిన కర్ల్ (మోచేయి మడిచి డంబెల్‌ని భుజం వైపుకి ఎత్తడం), 12.5కి వచ్చేసరికి సగంలో ఆగి నడుము ఊపుతో పైకొస్తుంది. పుస్తకంలో మాత్రం బలం పెరిగినట్టు పడుతుంది.

అందుకే హద్దులు ముందే రాసిపెట్టుకోవాలి. నేను వాడేవి ఇవి:

- గాబ్లెట్ స్క్వాట్: తొడలు నేలకి సమాంతరంగా రావాలి.
- ఫ్లోర్ ప్రెస్: మోచేతుల వెనక భాగం నేలని తాకి, ఒక క్షణం ఆగి పైకి లేవాలి.
- షోల్డర్ ప్రెస్: డంబెల్స్ చెవుల ఎత్తు దాకా దిగాలి.
- ఒంటి చేతి రో: కింద చెయ్యి పూర్తిగా చాచాలి, పైన డంబెల్ నడుము పక్కకి రావాలి, ఒళ్ళు తిరగకూడదు.
- కర్ల్: కింద మోచేయి పూర్తిగా తెరుచుకోవాలి, నడుము వెనక్కి వంగకూడదు.

హద్దు దాకా రాని రెప్‌ని లెక్కలో కలపకండి. మరీ రాయాలనిపిస్తే "10+2" అని రాయండి, ప్లస్ తర్వాతవి ఊపుతో లేపినవి. బరువు పెంచాలా వద్దా అన్నది మొదటి అంకెని బట్టే తేల్చండి.

పదిహేను రోజులకోసారి ఫోన్‌ని గోడకి ఆనించి ఒక సెట్ వీడియో తీసుకోండి. అద్దంలో కనిపించనివి వీడియోలో కనిపిస్తాయి.

7. పద్దు చూసి బరువు పెంచడం

పద్ధతి తేలికే. ఒక బరువుతో 8 నుంచి 12 మధ్య చేస్తూ పొండి. మూడు సెట్లలోనూ 12 వచ్చాకే పై బరువుకి వెళ్ళండి. 12.5 కిలోల రో పేజీ ఒకటి ఇలా సాగుతుంది:

- 3 జూన్: 10, 9, 8
- 6 జూన్: 10, 10, 9
- 10 జూన్: 11, 10, 10
- 13 జూన్: 12, 11, 10
- 17 జూన్: 12, 12, 11
- 20 జూన్: 12, 12, 12 – ఇక్కడ నక్షత్రం గుర్తు
- 24 జూన్: 15 కిలోలు – 9, 8, 7

ఆరుసార్లు బరువు ఒకటే, అయినా ప్రతి వరసలోనూ ఎదుగుదల ఉంది. బరువు గడి మాత్రమే చూసేవాళ్ళకి ఇది మూడు వారాలు ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

డంబెల్స్‌తో ఉన్న అసలు కష్టం అంగల్లో ఉంది. 20 నుంచి 22.5కి వెళ్ళడం 12.5 శాతమే. 10 నుంచి 12.5 అంటే 25 శాతం, 5 నుంచి 7.5 అంటే ఏకంగా 50 శాతం. అందుకే భుజాలకి చేసే లాటరల్ రైజ్ దగ్గర చాలామంది నెలల తరబడి ఆగిపోతారు. అక్కడ చేయగలిగినవి:

- చిన్న బరువులకి పై హద్దు 12 కాకుండా 18 లేదా 20 పెట్టుకోండి.
- మణికట్టుకి కట్టుకునే అర కిలో పట్టీలు వాడండి. 5 కాస్తా 5.5 అవుతుంది. పుస్తకంలో "5+0.5 పట్టీ" అని రాయండి.
- ప్లేట్ల డంబెల్ అయితే అర కిలో ప్లేట్లు రెండు, రెండు కొసలకీ ఒక్కోటి వేయండి. ఒక కొసకే వేస్తే మణికట్టు మెలితిరుగుతుంది.
- మొదటి సెట్ మాత్రమే కొత్త బరువుతో, మిగతా రెండూ పాత బరువుతో చేయండి: "7.5×8, 5×15, 5×14".

వరసగా మూడుసార్లు రెప్స్ కదలకపోతే మాట గడి చదవండి. నిద్ర, తిండి, రెస్ట్ గురించి ఏదో ఒకటి అక్కడే దొరుకుతుంది. ఏమీ దొరక్కపోతే బరువుని 10 శాతం తగ్గించి, అక్కణ్నుంచి మళ్ళీ మెట్లు ఎక్కండి.

"నొ" గుర్తు ఒకే చోట వరసగా రెండుసార్లు పడితే ఆ ఎక్సర్‌సైజు ఆపేయండి. తగ్గకపోతే పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికో ఫిజియో దగ్గరికో వెళ్ళండి. ఏ బరువు దగ్గర, ఏ కదలికలో మొదలైందో వాళ్ళకి అందులోనే దొరుకుతుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు బరువులు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగండి.

8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

అనుకున్నది రాయడం. మూడు సెట్లు, ఒక్కోటి 12 చేద్దామనుకుని ముందే "3×12" రాసేస్తారు. కొట్టింది 12, 10, 8. ఆ మూడు అంకెలూ విడివిడిగా రాయాలి.

మంచిరోజులే రాయడం. బాగా రాని రోజు పేజీ ఖాళీగా వదిలేస్తారు. ఎక్కువ పనికొచ్చేది ఆ వరసే. ఆరు కొడితే ఆరు రాయండి.

మరీ ఎక్కువ రాయడం. ఒంటి బరువు, తాగిన నీళ్ళు, మూడ్, పాటల లిస్టు అన్నీ రాద్దామని మొదలుపెట్టి రెండో వారంలో మానేస్తారు. ఐదు గడులు దాటనివ్వకండి.

మొత్తం బరువు లెక్క వెంట పడటం. బరువుని రెప్స్‌తో, సెట్లతో హెచ్చవేస్తే పెద్ద అంకె వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. 10×10×3 అంటే 300. 5×25×3 అంటే 375. రెండోది పెద్దది, కానీ దాన్నిబట్టి బలం పెరిగిందని చెప్పలేం.

ఎక్సర్‌సైజులు తరచూ మార్చడం. వారానికో కొత్తది చేస్తే ప్రతి పేజీలోనూ ఒకటే వరస ఉంటుంది. పోల్చడానికి కింద ఇంకోటి ఉండదు. ఐదారు ఎక్సర్‌సైజులు కనీసం రెండు నెలలు పట్టుకుని ఉండండి.

9. ఊరెళ్ళినప్పుడు, జిమ్ మారినప్పుడు

సంక్రాంతికి ఊరెళ్ళి పది పన్నెండు రోజులు ఆగితే పేజీలో అడ్డగీత గీసి "12 రోజులు గ్యాప్" అని రాయండి. తిరిగి వచ్చిన మొదటిరోజు పాత బరువులో 10 నుంచి 20 శాతం తగ్గించి మొదలుపెట్టండి. సాధారణంగా రెండు మూడు సార్లలో పాత చోటికి వచ్చేస్తారు. గీత లేకపోతే ఆ తగ్గిన అంకెలు చూసి మీరే బెంగపడతారు.

అమెరికా వెళ్ళినవాళ్ళకి పౌండ్ల గొడవ ఉంటుంది. ఒక పౌండు 0.4536 కిలోలు. జిమ్‌లో ఎక్కువగా తగిలేవి ఇవి:

- 15 పౌండ్లు: 6.8 కిలోలు
- 20 పౌండ్లు: 9.1
- 25 పౌండ్లు: 11.3
- 30 పౌండ్లు: 13.6
- 35 పౌండ్లు: 15.9
- 40 పౌండ్లు: 18.1
- 50 పౌండ్లు: 22.7

నోటి లెక్కకి సగం చేసి, అందులో పదో వంతు తీసేయండి. 30లో సగం 15, అందులోంచి 1.5 తీస్తే 13.5. అసలుకి దగ్గర్లోనే ఉంది. అక్కడే రెండు మూడేళ్ళు ఉండేట్టయితే పౌండ్లలోనే కొత్త పేజీలు మొదలుపెట్టండి. ఒకే పేజీలో రెండూ కలపొద్దు.

10. పాత పుస్తకాన్ని ఏం చేయాలి?

ఇప్పటిదాకా అరకొరగా రాసినవాళ్ళు పాత అంకెల్ని సరిదిద్దడానికి కూర్చోకండి. రాడ్ కలిపారో లేదో, ఒక చెయ్యో రెండు చేతులో ఇప్పుడు తేలదు. ఆఖరి పేజీ కింద గీత గీసి తారీఖు వేయండి. రేపు కాటా దగ్గరికి వెళ్ళి రండి. ఎల్లుండి, 10 కొట్టాక ఇంకో రెండు మూడు కొట్టగలననిపించే బరువుతో ప్రతి ఎక్సర్‌సైజూ రెండేసి సెట్లు చేయండి. మీ కొత్త పేజీల్లో మొదటి వరస అదే.